నిద్రకళ్లతో చదువా?

స్టడీ అవర్‌లో తమ్ముడొకడు కునికితే "వీడికి ఏకాగ్రత లేదు" అనేస్తాం. ఆ మాటతోనే నాకు పేచీ.

ఏకాగ్రత పుట్టుకతో వచ్చే వరమని మనలో చాలామంది నమ్మకం. అవధానులను చూపించి మరీ చెబుతారు. మన ప్రాంతపు కొప్పరం గ్రామం నుంచి వచ్చిన కొప్పరపు సోదర కవులు శతావధానాలు చేసినవారే. అష్టావధానంలో సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి నడుస్తుండగానే ఒకరు గంట కొడుతుంటారు. ఎన్ని గంటలు మోగాయో చివర్లో చెప్పాలి. గొప్పే. కానీ అది ఏళ్ల సాధన. పైగా ఏ అవధానీ నిద్రమత్తులో వేదిక ఎక్కడు!

1953లో వెలువడిన ఒక పరిశోధనలో కోలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త, మనుషులకు రెండు చెవుల్లో రెండు వేరువేరు మాటలు వినిపించి, ఒక చెవిలోవి మాత్రం వెంటనే తిరిగి పలకమన్నాడు. రెండో చెవిలో ఇంగ్లీషు పోయి జర్మన్ వచ్చినా వాళ్లు గమనించలేదు. మెలకువగా ఉన్నవాడి ధ్యాసే అంత ఇరుకైనది. ఇక నిద్ర చాలనివాడికి కళ్లు తెరిచే ఉన్నా మెదడు కొన్ని క్షణాలు కునుకు తీస్తుంది. పేజీ తిరుగుతుంది, పాఠం ఎక్కదు.

13 నుంచి 18 ఏళ్లవారికి రోజూ 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. రాత్రి పదకొండుకు పడుకుని నాలుగున్నర గంటకే లేస్తే దక్కేది ఐదున్నర. ఆదివారం మిరపకాయల కోతకు వెళ్లొచ్చిన పిల్లవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు.

పదికి లైట్లు ఆపి, ఆరుకు లేపుదాం. వార్డెన్ గారు ఒప్పుకుంటే పదో తరగతి వాళ్లతో ఒక్క నెల చేసి, యూనిట్ టెస్టు మార్కులు పక్కపక్కన పెట్టి చూద్దాం.

– ఒక పూర్వ విద్యార్థి, చీమకుర్తి