గుడిసెకు నిప్పంటక ముందే మేలుకోవాలి

2024 సెప్టెంబరు 18 రాత్రి బీహారులోని నవాదా జిల్లాలో ఒక దళితవాడకు నిప్పు పెట్టారు. తుపాకులు పేల్చి జనాన్ని బెదరగొట్టి, పదుల సంఖ్యలో ఇళ్లు తగలబెట్టారు. వాడ ఉన్న జాగా మీద ఏళ్ల తరబడి కోర్టులో తగాదా నడుస్తోంది. ప్రధాన నిందితుడు కూడా దళిత కులస్తుడేనని వార్తలొచ్చాయి. అంటే ఆ నిప్పు వెనక ఉన్నది భూమి.

ఇది కొత్త సంగతి కాదు. 1968 డిసెంబరు 25 రాత్రి నాటి తంజావూరు జిల్లా కీళ్‌వెణ్మణిలో, కూలి పెంచమని అడిగినందుకు భూస్వాముల మూక కూలీల వాడ మీద పడింది. పరుగెత్తలేని ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు ఒక్క గుడిసెలో తలదాచుకున్నారు. దానికే నిప్పుపెట్టారు. 44 మంది మాడిపోయారు. కింది కోర్టు వేసిన శిక్షల్ని 1973లో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. కార్లున్న పెద్దమనుషులు నడిచివచ్చి ఇలాంటి పని చేస్తారా అని సందేహించింది!

నిప్పు పెట్టేవాడికి కావలసింది తాటాకు కప్పు కాదు. కూలి అడిగే నోరు మూతపడాలి, జాగా ఖాళీ కావాలి. అందుకే ఇంటిని కాపాడుకోవడం ఒక్క సంసారం పని కాదు, వాడంతటి పని. అగ్గిపుల్ల గీయకముందు ఒక బెదిరింపు ఉంటుంది. మన కాపలా అక్కడే మొదలు కావాలి.

బెదిరింపు రాగానే

"మీ వాడ సంగతి చూస్తాం" అన్న మాటను తాగినవాడి మాటని తోసెయ్యకూడదు. ఎవరు, ఎప్పుడు, ఎవరి ముందు అన్నారో కాగితం మీద పెట్టి పోలీసుస్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోవాలి. నకలు ఆర్డీవోకు, ఎస్పీకి రిజిస్టరు పోస్టులో పంపాలి. ఒకప్పుడు సమ్మె చేసిన మనవాళ్ల మీద ఎన్నిసార్లు 107 కేసు పెట్టలేదు? ఆ సెక్షనే ఇప్పుడు కొత్త చట్టంలో 126. బెదిరించినవాళ్ల మీద కూడా దాన్ని పెట్టి బైండోవరు చెయ్యమని అడగాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 17వ సెక్షన్ ప్రకారం ముందస్తు చర్యలు తీసుకునే అధికారం అధికారులకు ఉంది.

వాడలో చెయ్యాల్సినవి

రాత్రి కాపలాకు వంతులు వేసుకోవాలి. డప్పు మోగితే వాడంతా లేవాలి. గడ్డివాములు, కట్టెల మోపులు గోడకు ఆనించి పెట్టకూడదు. తలుపుకు బయటి గొళ్లెం ఉంటే తీసెయ్యాలి, వెనకవైపు ఇంకో దారి ఉంచాలి. కుండల్లో, డ్రమ్ముల్లో నీళ్లు, గోనెసంచులు, ఇసుక, కప్పు లాగెయ్యటానికి కొంకికర్రలు సిద్ధంగా ఉంచాలి. ఒక గుడిసె అంటుకుంటే పక్కదాని కప్పు లాగెయ్యటమే మంట పాకకుండా ఆపే దారి. పశువుల పలుపులు చప్పున ఊడే ముడితో కట్టాలి.

నిప్పంటుకుంటే ఇంట్లో దాక్కోవద్దు. మంటకన్నా ముందు పొగ చంపుతుంది. తల వంచి, నేలకు దగ్గరగా పాకుతూ బయటపడాలి. పిల్లల్ని, ముసలివాళ్లను ఎవరు తీసుకెళ్లాలి, ఏ బయలు జాగాలో కలవాలి అన్నది పగలే తేల్చుకోవాలి. సామాను కోసం మళ్లీ లోపలికి పోవద్దు. 101కు, 112కు ఫోన్ చెయ్యాలి. కాలినచోట చల్లటి నీళ్లు పోస్తూ ఉండాలి, పేస్టులూ సిరాలూ పూయకూడదు. పట్టా, ఆధార్, రేషన్ కార్డు, ఉపాధి జాబ్ కార్డు నకళ్లు వేరే ఊళ్లో బంధువుల దగ్గర ఉంచాలి.

కాలిన తర్వాత

మర్నాడే బూడిద ఊడ్చెయ్యకూడదు. అదే మన సాక్ష్యం. ఫోటోలు తీసి, సీసాలు, గుడ్డపేలికలు ముట్టుకోకుండా క్లూస్ టీమును పిలిపించాలి. "పొయ్యి నిప్పు, కరెంటు షార్టు" అని రాస్తే సంతకం పెట్టొద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 326(జి) కింద, ఇల్లు నాశనం చెయ్యాలని నిప్పుపెడితే యావజ్జీవం దాకా శిక్ష ఉంది. బాధితులు ఎస్సీ, ఎస్టీలై నిందితులు ఆ కులాలవారు కాకపోతే అత్యాచారాల చట్టం 3(2)(iv) కూడా రాయించాలి. అప్పుడు శిక్ష యావజ్జీవమే. పూర్తిగా కాలిన ఇంటికి సర్కారు ఖర్చుతో ఇటుక లేదా రాతి ఇల్లు కట్టించాలని ఆ చట్టం నిబంధనలు చెబుతున్నాయి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటుకు పోవచ్చు.

కేసు నిలబడేది సాక్షులు నిలబడితేనే. 2010 ఏప్రిల్‌లో హర్యానాలోని మిర్చ్‌పూర్‌లో దళితుల ఇళ్లు తగలబెట్టారు. ఒక ముసలాయన, నడవలేని ఆయన కూతురు కాలిపోయారు. 2011లో కింది కోర్టు 15 మందికే శిక్షవేసి 82 మందిని వదిలేసింది. బాధితులు వదల్లేదు. 2018లో ఢిల్లీ హైకోర్టు మరో 20 మందిని దోషులుగా తేల్చింది. ఎనిమిదేళ్లు! అన్నేళ్లు సాక్షుల కుటుంబాలకు కూలి పని, తిండి, తోడు ఎవరిస్తారు? ఆ బాధ్యత సంఘాలదే.

గుడిసెల వాడలన్నిటికీ పక్కా ఇళ్లు, ఇంటి జాగాకు పట్టా, ఫైరింజను వచ్చేంత దారి ఇమ్మని ప్రభుత్వాలను నిలదీయాలి. ఎండలు ముదిరి కప్పులు ఎండకముందే ప్రతి గ్రామశాఖ వాడ సమావేశం జరిపి కాపలా వంతులు, కాగితాల నకళ్లు పూర్తి చెయ్యాలి. కూలి రేట్ల తగాదా నడుస్తున్న ఊళ్లలో ఈ పని ముందు జరగాలి.