తాయప్‌ను ఎవరు వద్దన్నారు?

ఒక చిన్న భాష కనుమరుగవుతోందనగానే రోడ్డు పడిందనో, వలస జనం ముంచెత్తారనో, సర్కారు కాలరాసిందనో అనుకుంటాం. పాపువా న్యూగినీలో సెపిక్ నది దిగువన, చిత్తడి అడవి నడుమ ఉన్న గాపున్ పల్లె విషయంలో ఈ లెక్క కుదరదు. అక్కడికి రోడ్డు లేదు, కరెంటు లేదు. వాళ్ల భూములు వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. సాగో చెట్టు పిండే ఇప్పటికీ తిండి. అయినా ఆ ఊరి తాయప్ భాష పోతోంది.

దేశంలోని 800కు పైగా భాషల్లో తాయప్‌ది ఒంటరి బతుకు. ఇరుగుపొరుగు భాషల్లో దేనితోనూ దానికి చుట్టరికం తేలలేదు. 1980ల నడుమ డాన్ కులిక్ అనే మానవశాస్త్రవేత్త వెళ్లేసరికి మాట్లాడేవాళ్లు 90 మంది దాకా ఉండేవారు. పదేళ్ల లోపు పిల్లల్లో మాత్రం దాన్ని వాడేవాళ్లే లేరు. ఇప్పుడు మాట్లాడేవాళ్లు మొత్తం యాభైకి లోపే.

తోటల్లో కూలికి వెళ్లిన మగవాళ్లు ఇనుప గొడ్డళ్లతో పాటు టోక్ పిసిన్ భాషనూ ఊరికి తెచ్చారు. క్రైస్తవం, లోకజ్ఞానం, మగవాళ్ల సభల్లో ఉపన్యాసం దాని వంతయ్యాయి. నేల, పాతకాలం, ఆడవాళ్ల కోపం తాయప్ వంతయ్యాయి. వీధికెక్కి శాపనార్థాలు పెట్టే ఆడవాళ్ల నోట తాయప్ దంచికొడుతుంది. అందుకే మంచి మాటకు ఆ భాష పనికిరాదన్న భావన స్థిరపడింది.

పసిబిడ్డ తొలి పలుకు ‘ఓకి’ అని తల్లులు చెబుతారు. తాయప్‌లో ‘నేను పోతున్నా’ అని దానర్థం. పుట్టుకతో వచ్చే మొండితనం తాయప్‌లోనే పలుకుతుందన్నమాట! ఆ మొండితనాన్ని వంచి బుద్ధి నేర్పాలి గనుక తల్లులు బిడ్డతో టోక్ పిసిన్‌లో మాట్లాడతారు. పిల్లలకు తాయప్ ఎందుకు రాలేదని అడిగితే, ఆ పిల్లలే వద్దనుకున్నారంటారు. భాష పోవాలని మాత్రం ఊళ్లో ఎవరూ కోరుకోలేదు.

బడి ఆదుకుంటుందా అంటే, 1990లలో దేశమంతటా మాతృభాషలో ప్రాథమిక చదువు మొదలై, ఆపైన మళ్లీ ఇంగ్లీషువైపు మళ్లింది. 2019లో కులిక్, ఆంజెలా టెరిల్ కలిసి తాయప్ వ్యాకరణం, నిఘంటువు అచ్చువేశారు. విలువైన పనే. కానీ తల్లి బిడ్డతో ఏ భాషలో మాట్లాడాలన్నది నిఘంటువు నిర్ణయించలేదు.

ఆశ ఉన్నది మరోచోట. తాయప్ మాట్లాడని యువతీయువకుల్లో చాలామందికి అది అర్థమవుతుంది. కథ చెప్పమని కులిక్ అడిగితే కొందరు బాగానే చెప్పారు కూడా. పెద్దల ముందు నోరు విప్పితే తప్పులెంచి ఎగతాళి చేస్తారని వాళ్ల జంకు. తాయప్ కోసం ఎవరైనా చేయగలిగింది ఉంటే, కొత్త బడి కంటే ముందు ఆ పెద్దలతోనే మొదలుపెట్టాలి.