గ్రాంటులు పరిశోధనకు – పన్నెండు గంటలు కార్మికునికి!

‘ఉద్యోగ నాణ్యత’ను పెంచుట ఎట్లు? కార్మికుడు మెరుగైన పనికి, మరొక ఊరికి సాగిపోవుటకు అడ్డంకులేమిటి? ఈ ప్రశ్నలపై పరిశోధనలకు ప్రభుత్వ సంస్థలు, విదేశీ ఫౌండేషన్లు గ్రాంటులు ఇస్తున్నవి. మేము పరిశోధనకు వ్యతిరేకులము కాము. ఆ డబ్బుతో ఎవరిని పరిశీలిస్తున్నారు, ఎవరిని పరిశీలించక వదలుతున్నారు అన్నదే మా ప్రశ్న. దానికి సూరత్ నగరమే జవాబు చెప్పగలదు.

చేనేత చితికిపోగా వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు దశాబ్దాలుగా సూరత్ మరమగ్గాలకు వలసపోయినారు. లింబాయత్‌లో తెలుగు వాడలు వెలసినవి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడ నెలకొల్పినది. వారి ప్రక్కనే ఒడిశాలోని గంజాం జిల్లా కార్మికులు. పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి, చెవులు చిల్లులు పడే మోత, పగటి షిఫ్టువాడు లేచిన చోటనే రాత్రి షిఫ్టువాడు పడుకొనే మెస్సు గది – ఇదీ అక్కడి ‘ఉద్యోగ నాణ్యత’!

ఇది ఎవరికీ తెలియని రహస్యమా? ఐ.పి. దేశాయ్ 1969లో నెలకొల్పిన సామాజిక అధ్యయన కేంద్రము సూరత్‌లోనే, ప్రభుత్వ గ్రాంటులతోనే నడచినది. డచ్చి పండితుడు యాన్ బ్రేమన్ 1960 దశకము నుండి దక్షిణ గుజరాత్ శ్రామికుల బ్రతుకును పరిశీలించి, 1996లో గ్రంథమే వెలువరించినాడు. అరకొర జ్ఞానము వలన కాదు, అమలు లేకపోవుట వలననే కార్మికుడు నష్టపోయినాడు.

లెక్కలు లేనిదే విధానము ఎట్లని కొందరు మిత్రులు అడుగుదురు. నిజమే. 2016–17 ఆర్థిక సర్వే రిజర్వేషను లేని రైలు ప్రయాణాల లెక్కలను బట్టి, 2011–16 మధ్య ఏటా సుమారు 90 లక్షల మంది రాష్ట్రాలు దాటి వలసపోయినారని అంచనా వేసినది. ఆ టిక్కెట్లు ఇచ్చినవి మన బుకింగ్ క్లర్కుల చేతులు. ఆ వలస కార్మికుల మనియార్డర్లు గడప గడపకు చేర్చినవి మన పోస్టుమాన్ల కాళ్లు. కాని 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ నాడు, మమ్ము ఇంటికి పంపుడని సూరత్ కార్మికులు వీధికెక్కినప్పుడు వారికి దక్కినది అరెస్టులు! వలస కార్మికుల మరణాల లెక్క తనవద్ద లేదని అదే సెప్టెంబరులో ప్రభుత్వము పార్లమెంటుకు చెప్పినది. టిక్కెట్లు లెక్కించనేర్చిన ప్రభుత్వానికి శవాలను లెక్కించుట చేతకాలేదా?

చట్టము సంగతి చూడుడు. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము ఐదుగురు వలస కార్మికులున్న సంస్థకు వర్తించెడిది. స్థానచలన భత్యము ఇయ్యవలెనని శాసించినది. అమలు చేసిన నాథుడు లేడు. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన కొత్త కోడ్ దానిని రద్దు చేసి, ఐదుగురిని పదిమంది చేసినది. స్థానచలన భత్యమును ఎగురగొట్టినది. ఒక చేత పరిశోధనకు గ్రాంటు, మరొక చేత కార్మికుని హక్కుకు కోత!

ఉద్యోగ నాణ్యత ఎట్లు పెరుగునో రైల్వే కార్మికునికి ఎవరూ నేర్పనక్కరలేదు. 1973 ఆగస్టులో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మెకట్టిన తరువాతనే ప్రభుత్వము పది గంటల డ్యూటీకి తలయొగ్గినది. సంఘటిత శక్తి చేతికి అందినప్పుడే నివేదిక ఆయుధమగును. లేనిచో అది బీరువాలో చెదలకు మేత.

కనుక మేము కోరునది ఇది. గ్రాంటులు మంజూరు చేయు సంఘాలలో కార్మిక సంఘాల ప్రతినిధులకు ఓటు హక్కు ఉండవలెను. కార్మికుని నైపుణ్యముతో పాటు యజమాని కూలి లెక్కలను, తనిఖీ అధికారి రికార్డును కూడ పరిశోధించవలెను: ఎన్ని తనిఖీలు జరిగినవి, ఎన్ని కేసులు పెట్టినారు, ఎంత బకాయి ఇప్పించినారు? నివేదికను తెలుగులో, ఒడియాలో, గుజరాతీలో ముద్రించి మొదట కార్మిక వాడలలో చదివి వినిపించవలెను.

సోదరులారా! మన స్టేషనులను ఊడ్చు కాంట్రాక్టు కార్మికుడు, మన సంచి మోయు గ్రామీణ డాక్ సేవకుడు కూడ ఈ ప్రశ్నలో భాగమే. సూరత్ మగ్గము వద్ద నిలబడినవాడు మనకు పరాయివాడు కాడు. ప్రతి శాఖ ఈ కోర్కెలపై తీర్మానము చేసి పంపవలెనని పిలుపునిస్తున్నాము.