పెద్దలకు బియ్యము, ఆడబిడ్డలకు పూలు

భాద్రపద బహుళ అమావాస్యను మన తెలంగాణమున పెత్రమాస యందురు. ఆనాటి ఉదయము గతించిన పెద్దల పేరిట బియ్యము, పప్పు, కూరగాయలు దానమిచ్చి, పొద్దువాలగానే ఆ ఇంటి ఆడవారే తొలినాటి ఎంగిలిపూల బతుకమ్మను వాకిట నిలుపుదురు. పితృఋణమును తీర్చుకొనుటయు, కొత్త తరమును ఆటకు పిలుచుటయు ఒక్క దినముననే కూడి వచ్చుట కాకతాళీయమని నేను తలపను.

ఈ పండుగ జరుపుకొను పల్లెల బ్రతుకు మాత్రము మారినది. భూపాలపల్లి చెంతనున్న చెల్పూరు నేడు కేవలము చేలను నమ్ముకొన్న పల్లె కాదు. అచ్చటి కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రమున 500 మెగావాట్ల తొలి యూనిట్టు 2010లో నడక మొదలుపెట్టినది. పిమ్మట 600 మెగావాట్ల రెండవ యూనిట్టు దాని సరసన చేరినది. రాత్రి షిఫ్టు ముగించి వచ్చినవాడు బతుకమ్మకు తంగేడు పూలకై గట్లు తిరుగలేడు, అంగడిలో కొనును. దీనిని చూచి ‘సంప్రదాయము చెడినది’ యని వగచువారితో నాకు ఏకీభావము లేదు. గునుగుపూలను కట్టలుగా కట్టి, కాడలు సమముగా కోసి, కొసలను రంగునీళ్లలో ముంచి ఆరబెట్టు నేర్పును మన అమ్మలు ఎన్నడో చేపట్టిరి. వెండి వన్నెగల ఆ పూవు ఎరుపై, నీలమై తాంబాళములో వరుసకెక్కుటను ఎవరును తప్పు పట్టలేదు. 2014లో రాష్ట్రపండుగయై, సముద్రములు దాటి, దొరికిన పూలతోనే పేర్చబడుచున్నను అది బతుకమ్మయే.

అయితే ప్రతి మార్పును నేను మెచ్చను. ఒకరు పాట ఎత్తుకొనగా తక్కినవారు ‘ఉయ్యాలో’ యని అందుకొనుటలో ఈ ఆటకు ప్రాణమున్నది. డీజే పెట్టె వచ్చిన చోట అందుకొను గొంతులు మూగవోవుచున్నవి. అత్త నోట కోడలు, కోడలి నోట మనుమరాలు నేర్చిన పాటలలో పెక్కు వ్రాతకెక్కలేదు గనుక పాడుట మానిన నాడే అవి పోవును.

మార్చవలసినదొకటి మాత్రము మనము మార్చకయే యున్నాము. భర్తను కోల్పోయిన స్త్రీకి గౌరమ్మ పసుపు నందీయని ఇండ్లు నేటికిని గలవు. పాటలన్నియు ఆమె నేర్పినవే. పండుగ కడపటి దినమైన సద్దుల నాడు మలీద ముద్దలకు రొట్టెలు కాల్చి బెల్లము కలిపినది ఆమెయే. నీటిలో బతుకమ్మను సాగనంపి ఒండొరులకు పసుపు ఇచ్చిపుచ్చుకొను వేళకు ఆమె గడప లోపల నిలువవలసి వచ్చును. పోయిన పెద్దలకు బియ్యమిచ్చి, యున్న పెద్దను ఎడముగా నుంచు ఇంటిలో కృతజ్ఞత ఎక్కడిది? ఈ మార్పునకు ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు, వ్యయమును లేదు. ఈ ఏడు సద్దుల నాడు, అక్కలారా, చెల్లెండ్లారా, గౌరమ్మ పసుపును మొదట మీ ఇంటి అవ్వకు అందీయుడు. ఎవరైన అడిగినచో, పాట నేర్పినది ఆమెయే యని చెప్పుడు.