లుచేరా గోధుమ చేలు

ఉన్నత విద్యకై ఇటలీ వెళ్ళిన మన పిల్లలు సెలవుల్లో కోటలు చూడబోతుంటారు. దక్షిణాన పుల్యా ప్రాంతానికి వెళితే, అందరూ వారిని ఆండ్రియా సమీపంలోని కాస్తెల్ దెల్ మోంతెకు పంపుతారు. ఎనిమిది భుజాలు, ఎనిమిది బురుజులు గల ఆ కట్టడం చూడదగినదే. ఇటలీ ముద్రించిన ఒక సెంటు యూరో నాణెంపై ఉన్నది దాని బొమ్మే. అయితే ఒక రోజు మిగుల్చుకుని, గోధుమ చేల నడుమ గుట్టపై ఉన్న లుచేరా అనే చిన్న పట్టణానికి కూడా వెళ్ళమని నా సలహా.

కాస్తెల్ దెల్ మోంతెను కట్టించిన రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తే లుచేరాను ముస్లిముల పట్టణంగా మార్చాడు. సిసిలీ ద్వీపంలో తరతరాలుగా జీవిస్తున్న ముస్లిములు తిరగబడగా, 1220ల నుండి వారిని వేల సంఖ్యలో అక్కడి నుండి పెకలించి ఇక్కడికి తరలించాడు. ఈయనను ఇస్లాం మిత్రుడని పొగిడేవారున్నారు. అరబీ విద్యలను ఆదరించిన మాట నిజమే. కానీ పుట్టిన ఊరు విడిచి పసిపిల్లలతో ఓడ ఎక్కిన తల్లులు ఆ పొగడ్తను ఒప్పుకునేవారా?

అయినా వారు దీన్‌ను విడువలేదు. పొలాలు దున్నారు, చక్రవర్తి సైన్యంలో విలుకాండ్రయ్యారు. 1261లో ఈజిప్టు సుల్తాన్ బైబర్స్ రాయబారిగా ఆ దేశం వచ్చిన చరిత్రకారుడు ఇబ్ను వాసిల్, లుచేరాలో జుమా నమాజు బహిరంగంగా జరుగుతున్నదని రాశారు. అదీ పోపుగారి రోముకు కొద్ది రోజుల ప్రయాణ దూరంలో!

1300లో అంజూ వంశపు రెండవ చార్లెస్ ఆ పట్టణాన్ని ధ్వంసం చేసి, ప్రజలను బానిసలుగా అమ్మించాడు. నేటి ప్రధాన చర్చి ఆ తర్వాత కట్టినదే. కోట చుట్టూ కనిపించే సుమారు 900 మీటర్ల గోడ అంజూ రాజులది. లోపల ఫ్రెడరిక్ భవనపు అడుగుభాగమే మిగిలింది. గోధుమ మాత్రం ఇప్పటికీ పండుతోంది.

ఇక భోజనం సంగతి. చేగోడీల్లా కనిపించే ‘తరాల్లి’ని పిల్లల చేతికి ఇచ్చేయకండి. ఆ పిండిలో ద్రాక్షసారాయి కలపడం అక్కడి ఆనవాయితీ. ఆండ్రియా బుర్రాతా జున్నుకు పాలను సాధారణంగా దూడ పొట్టలోని పదార్థంతో విరుస్తారు. అందులో ఫిఖ్ పండితుల మధ్య భేదాభిప్రాయం ఉన్నందున మీ ఆలిమును అడిగి తినండి. ‘ఫావె ఎ చికోరియా’కు ఆ చిక్కు లేదు. అరబ్బులు ఫూల్ అనే గింజలను ఎండబెట్టి, ఉడికించి, మన పప్పులా ఎనిపి, చేదు ఆకుకూరతో, ఆలివ్ నూనెతో వడ్డిస్తారు. పేదల వంట. పంది కొవ్వు తగలకుండా చేయమని మాత్రం ముందే చెప్పండి.