మజ్రీత్‌ను చూడకుండానే మాడ్రిడ్ చూసొస్తారా?

మా ఫుప్పీ కొడుకు స్పెయిన్ సఫర్‌కు రాసుకున్న కాగితం చూపించాడు. మాడ్రిడ్‌కు రెండు రోజులు. ఒకరోజు బెర్నబావు స్టేడియం, ఇంకోరోజు గ్రాన్ వియాలో షాపింగ్, మధ్యలో రాజమహల్ ముందు ఫోటో. "అక్కడ మనదేముంది భాయ్‌జాన్? మనదంతా ఖుర్తుబా, గర్నాతాలోనే కదా" అన్నాడు.

గుస్సా వచ్చింది నాకు. ఆ శహర్‌కు బునియాద్ వేసిందే ఖుర్తుబా అమీర్ మొదటి ముహమ్మద్, 9వ శతాబ్దంలో. అప్పటి పేరు మజ్రీత్. మస్లమా అల్ మజ్రీతీ అనే పెద్ద ఖగోళ పండితుడు పుట్టింది అక్కడే. ఇప్పటి మహల్ జాగాలో ఉండి 1734లో కాలిపోయిన పాత కోట పేరు అల్కజార్. అది అరబీ 'అల్ ఖస్ర్' కాక మరేమిటి? ఎదురుగా ఉన్న పెద్ద చర్చి పేరు అల్ముదేనా, అదీ అరబీ మాటే, చిన్న కోట అని మతలబు. ఆ చర్చి పక్కనే చెకుముకి రాళ్ల పాత దీవార్ ముక్క ఇంకా నిలబడి ఉంది. అక్కడి పార్కుకు అమీర్ పేరే పెట్టుకున్నారు స్పెయిన్‌వాళ్లు.

వాళ్లకు యాదుంది! వాట్సాప్‌లో అందలూస్ అని ఆంసూ కార్చే మనం మాత్రం లక్షలు ఖర్చుపెట్టి వెళ్లి, ఆ దీవార్‌కు వీపు చూపించి వస్తాం.

స్టేడియం మానుకోమనను, పిల్లలు ఊరుకోరు. ఓపెరా మెట్రోలో దిగి నడవండి, ఒక గంట చాలు. జుమా రోజైతే ఎం-30 రోడ్డు పక్కన 1992లో తెరిచిన పెద్ద మసీదుంది. ఈ రెండూ వాడి కాగితంలో నేనే రాసేశాను. గ్రాన్ వియాను మాత్రం భాభీ కొట్టేయనివ్వలేదు.