చివరివాడి వేగం

మనిషి ఒంటరిగా అనుభవించడానికే రూపొందించినట్లు కనిపించే వాహనం మోటారు సైకిలు. దానికి తలుపులు లేవు, కిటికీలు లేవు, ఎక్కినవాడికీ దారికీ నడుమ తెర ఏదీ లేదు. ఇంజను చప్పుడులో పక్కవాడితో నాలుగు మాటలు చెప్పుకొనే వీలు కూడా లేదు. అయినా విచిత్రమేమంటే, ఈ వాహనం పుట్టిన తొలి రోజుల నుంచే దాని ప్రియులు జట్లు కట్టి తిరుగుతున్నారు. ఇంగ్లండులో ఇలాంటి క్లబ్బు ఒకటి 1901లోనే వెలసింది. నేడు మన నగరాలలోనూ ఆదివారం తెల్లవారుజామున పదీ ఇరవై మోటారు సైకిళ్లు ఒక కూడలిలో చేరి, ఊరు నిద్ర లేవకముందే పల్లెదారి పట్టడం మామూలు దృశ్యమైంది.

మన దేశంలో ఈ అభిరుచికి పుట్టినిళ్లనదగిన ఊళ్లలో మైసూరు ముఖ్యమైనది. చెకోస్లొవేకియాలో 1929లో ఆరంభమైన జావా మోటారు సైకిలు 1960 తరువాత మైసూరులో తయారు కాసాగింది. 1973 నుంచి అదే కర్మాగారపు వాహనాలు యెజ్డీ అనే పేరుతో వెలువడ్డాయి. 1996లో కర్మాగారం మూతపడింది; చాలా ఏళ్ల తరువాత ఆ పేర్లు రెండూ కొత్త యాజమాన్యం కింద మళ్లీ మార్కెట్టులోకి వచ్చాయి. కాని ఆ నడిమి కాలంలో పాత బండ్లను బ్రతికించినది ఏ కంపెనీయూ కాదు. విడిభాగాల కోసం పాత ఇనుప సామాను అంగళ్లు గాలించినవారూ, పనిముట్లు వదలని ముదుసలి మెకానిక్కులూ, ఒకరి బండి చెడితే తమ బండిలోని భాగం విప్పి ఇచ్చిన మిత్రులూ కలిసి వాటిని నడిపించారు. ఏటా జూలై రెండవ ఆదివారాన్ని వారు జావా దినంగా జరుపుకొంటారు.

అలాంటి జట్టు ఒకటి మైసూరు నుంచి నంజనగూడు మీదుగా గుండ్లుపేట వైపు సాగితే, జూలై ముసురులో దారికి ఇరుపక్కలా పొద్దుతిరుగుడు పూలూ బంతి చేలూ కనుపండువగా కనిపిస్తాయి. అయితే చూడవలసిన విశేషం పూలలో మాత్రమే లేదు. ముప్పై మంది అపరిచితులు, వేర్వేరు వయసులవారు, వేర్వేరు నైపుణ్యం గలవారు, మాట లేకుండా ఒక్క ప్రాణిలా ఎలా కదులుతున్నారన్నది అంతకంటె పెద్ద విశేషం.

దీనికి సన్నాహం ఇంటి దగ్గరే మొదలవుతుంది. టైర్లలో గాలి, బ్రేకుల పట్టు, చెయిన్ బిగువు, దీపాలు - వీటిని ముందునాటి సాయంత్రమే చూసుకొనడం మర్యాద. పాత జావా వంటి బండి అయితే పెట్రోలులో ఇంజను ఆయిలు తగు పాళ్లలో కలుపుకోవలసి ఉంటుంది. ఒకరి అశ్రద్ధ ముప్పై మందిని రోడ్డు పక్కన నిలబెడుతుంది. పెట్రోలు పోయించుకోవడానికి ఎక్కడ ఆగాలన్నది కూడా పెద్ద ట్యాంకు ఉన్నవాడు కాదు, చిన్న ట్యాంకు ఉన్నవాడు నిర్ణయిస్తాడు.

బయలుదేరేటప్పుడు దారి తెలిసినవాడు ముందుంటాడు. అనుభవజ్ఞుడైన మరొకడు అందరి కంటె వెనుక ఉంటాడు. కొత్తవారిని నాయకుని వెనుకనే ఉంచడం మంచి క్లబ్బుల ఆచారం. వెడల్పయిన రోడ్డు మీద ఒకడు కుడివైపు, తరువాతివాడు కొంచెం వెనుకగా ఎడమవైపు సాగుతారు. సరిగ్గా తన ముందున్న చక్రానికి కనీసం రెండు సెకన్ల దూరం ఉండాలని నియమం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లంటే దాదాపు 33 మీటర్లు. మలుపులు వచ్చినా, దారి ఇరుకైనా అందరూ ఒకే వరుసలోకి వస్తారు. లారీని దాటే సందర్భంలో ముందువాడు దాటాడని వెనుకవాడు కళ్లు మూసుకొని అనుసరించరాదు. ముందువాడికి ఖాళీగా కనిపించిన దారి మరు నిమిషంలో ఖాళీగా ఉండదు. ఆ నిర్ణయం ఎవరికి వారే చేసుకోవాలి.

ఈ ఏర్పాటులో అన్నిటికంటె అందమైన నియమం అద్దానికి సంబంధించినది. ప్రతివాడూ తన వెనుకవాడికి బాధ్యుడు. అద్దంలో వెనుకవాడి దీపం కనిపించకపోతే తన వేగం తగ్గించాలి. అది చూసి అతని ముందువాడు తగ్గిస్తాడు. ఆ ముందువాడూ తగ్గిస్తాడు. ఈ విధంగా చివర ఒకడి టైరు పంక్చరైన వార్త ఏ సాధనమూ లేకుండానే క్షణాలలో నాయకుడికి అందుతుంది. నాలుగు దారుల కూడలి వచ్చినప్పుడు నాయకుని వెనుక ఉన్నవాడు అక్కడ ఆగి, అందరికీ దారి చూపి, చివరివాడు కనిపించాక అతని ముందు చేరతాడు. తరువాతి కూడలిలో ఆ వంతు మరొకడిది. ఈ పద్ధతిలో ఎవరూ తప్పిపోరు. తప్పిపోతానన్న భయంతో ఎవరూ శక్తికి మించి పరుగెత్తనక్కర లేదు.

ఆ భయమే ప్రమాదాలకు మూలం. జట్టులో వెనుకబడిన యువకుడు నలుగురిలో నవ్వులపాలు కాకూడదని తనకు చేతకాని వేగంతో మలుపు తిరుగుతాడు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. మొత్తం మరణాలలో దాదాపు మూడింట రెండు వంతులు గ్రామీణ ప్రాంతాలలో సంభవించాయి. ప్రశాంతంగా కనిపించే పల్లెదారి సురక్షితమైనదని భ్రమపడరాదు. హెల్మెట్టు మరణ ప్రమాదాన్ని నూటికి 40 పాళ్లు తగ్గించగలదని పరిశోధనలు తేల్చాయి. వెనుక కూర్చున్నవారికి కూడా అది తప్పనిసరి అని చట్టం చెబుతున్నది. కాని ఏ హెల్మెట్టూ గొప్పలకు పోయే మనసును అదుపు చేయలేదు. "నిదానమే ప్రధానం" అన్న పెద్దల మాటకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మరొక సంగతి కూడా మరువరాదు. పల్లెదారి పట్టణవాసుల విహారం కోసం వేసినది కాదు. అది ఆ ఊరివారి వాకిలి. కోతల కాలంలో కన్నడ సీమలో రాగులూ ఉలవలూ, తెలుగు పల్లెలలో వడ్లూ మొక్కజొన్నలూ రోడ్డు మీదనే ఆరుతుంటాయి. ఇది చట్టసమ్మతం కాకపోవచ్చు. కల్లం లేని చిన్న రైతుకు వేరే చోటు లేకపోవడం కూడా నిజమే. గింజల మీద చక్రం జారుతుంది. రైతు ఆరు నెలల కష్టం చెల్లాచెదరవుతుంది. మలుపు దగ్గర మేకల మంద ఉండవచ్చు. చెరకు బండి ఉండవచ్చు. గుర్తు వేయని స్పీడుబ్రేకరు ఉండవచ్చు. ముప్పై ఇంజన్ల హోరుకు ఎద్దులు బెదరుతాయి, పసిపిల్లలు ఉలిక్కిపడతారు. ఊరి నడుమ వేగం తగ్గించి, హారను మోగించకుండా, దారి ఇచ్చిన ముసలివానికి తల వంచి సాగే జట్టుకు మరుసటి ఆదివారం అక్కడ మంచినీళ్లూ టీయూ ఆప్యాయంగా దొరుకుతాయి.

ఎంత జాగ్రత్త పడినా ఒక్కొక్కప్పుడు రోడ్డు పక్కన ఎవరో పడి ఉంటారు. పోలీసు విచారణకు జడిసి చూసీ చూడనట్లు వెళ్లిపోవడం మన సమాజంలో చిరకాలంగా ఉన్న దురలవాటు. గాయపడినవారికి సాయం చేసినవారిని వేధించరాదన్న మార్గదర్శకాలను సుప్రీంకోర్టు 2016లో ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనూ వారికి రక్షణ కల్పించారు. ముప్పై మంది కలిసి ఆగితే ఒకరు వాహనాలను మళ్లించగలరు, ఒకరు అంబులెన్సును పిలువగలరు, ఒకరు రక్తం కారే చోట గుడ్డ అదిమి పట్టగలరు. జట్టుకు ఉన్న బలం ఇటువంటప్పుడే సార్థకమవుతుంది.

సాయంకాలం దళం తిరిగి వస్తుంది. నాయకుడు ఊరి పొలిమేర చేరినంత మాత్రాన ప్రయాణం ముగిసినట్లు కాదు. అతడు ఇంజను ఆపి, హెల్మెట్టు తీసి, వచ్చిన దారి వైపు తిరిగి నిలబడి లెక్క పెడతాడు. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది... చివరివాడి దీపం మలుపులో కనిపించేదాకా ఎవరూ ఇంటికి వెళ్లరు.